డి3500 నుంచి మిర్రర్‌లెస్‌కి మారితే ఫొటోలు బాగుపడతాయా?

మీ దగ్గర నికాన్ డి3500 కెమెరా, దానితో వచ్చిన కిట్ లెన్స్ ఉన్నాయన్నారు, ప్రకాశం బ్యారేజీ దగ్గర సాయంత్రం తీస్తే ఆకాశం తెల్లగా పోతోంది, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) కొనమంటారా అని అడిగారు. దానికోసమైతే వద్దండీ. మాదీ విజయవాడే, మీరు చెప్పిన ఫొటో నేనూ పద్మావతి ఘాట్ నుంచి చాలా సాయంత్రాలు పాడుచేశాను. సూర్యుడు బ్యారేజీ వెనక్కి దిగుతాడు కాబట్టి ఎదురు వెలుతురు, ఏ కెమెరాకైనా అది కష్టమే. రా (RAW) ఫార్మాట్‌లో తీయండి, ఎక్స్‌పోజర్ (వెలుతురు కొలత) ఆకాశానికి సరిపోయేలా పెట్టండి, పొద్దు వాలగానే వెళ్లిపోకుండా ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. అప్పుడు ఆకాశమూ బ్యారేజీ దీపాలూ ఇంచుమించు ఒకే వెలుతురుకి వస్తాయి. ట్రైపాడ్, ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8, రెండు సెకన్ల టైమర్. ట్రైపాడ్ మీద లెన్స్ వీఆర్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఆపేయడం మర్చిపోకండి.

ఇక నా సంగతి. 2011లో నికాన్ డి3100 కొన్నాను. ఉండవల్లి గుహల్లో పడుకున్న విష్ణుమూర్తిని తీద్దామంటే లోపల చీకటి, ఐఎస్‌ఓ పెంచితే ఫొటో నిండా చుక్కచుక్కలుగా గ్రెయిన్. వెలుతురు ఎక్కువ తీసుకునే లెన్స్ కావాలని బీసెంట్ రోడ్డు వైపు ఒక షాపులో పాత 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఆటోఫోకస్ రాదు. ఆ లెన్స్‌లో మోటారు ఉండదు, కెమెరా బాడీలో ఉండాలి, డి3100లో లేదు (మీ డి3500లోనూ లేదు, గుర్తుంచుకోండి). షాపతను ఆ ముక్క చెప్పలేదు, వెనక్కీ తీసుకోలేదు. చాలా బాధపడ్డాను. కానీ వేరే లెన్స్‌కి డబ్బుల్లేవు, అందుకని అమ్మ వరండాలో కూర్చుని కనకాంబరాలు కడుతుంటే ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ చుక్క వ్యూఫైండర్ మూలన వెలిగేదాకా రింగు తిప్పుతూ రోజూ తీసేవాణ్ణి. వెలుతురు ఎటు నుంచి పడితే ముఖం ఎలా మారుతుందో నాకు తెలిసింది ఆ వరండాలోనే, ఇప్పటికీ నాకు బాగా ఇష్టమైన ఫొటోలు అవే.

తర్వాత గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు పిచ్చి పట్టుకుంది. చలికాలంలో తెల్లారకముందే బండి మీద వెళ్లేవాణ్ణి. తుమ్మచెట్ల మీద కూర్చున్న ఎర్రకాళ్ల కొంగలు బాగానే వచ్చేవి, గూడబాతు రెక్కలు విప్పి నీళ్లమీదికి దిగే క్షణం మాత్రం ఎప్పుడూ దొరికేది కాదు. డి3100కి ఫోకస్ పట్టే చోట్లు (ఫోకస్ పాయింట్లు) 11, సెకనుకి 3 ఫొటోలు. ఒక సీజనంతా ప్రయత్నించి, తప్పు నా చేతిది కాదని నమ్మకం కలిగాకే సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి7200 తీసుకున్నాను. దానికి 51 పాయింట్లు, సెకనుకి 6 ఫొటోలు, బాడీలో మోటారు కూడా. మొదటి రోజే పాత 50 తగిలించాను, కిర్రుమంటూ దానంతటదే ఫోకస్ అయింది!

తర్వాత నికాన్ మిర్రర్‌లెస్ జెడ్50కి మారింది మాత్రం మనుషుల కోసం. కాళేశ్వరరావు మార్కెట్‌లో డి7200 పైకెత్తగానే అందరూ సర్దుకుని నిలబడేవాళ్లు, "ఏ పేపరు బాబూ?" అని అడిగేవాళ్లు. అది బ్యాటరీతో కలిపి 765 గ్రాములు, జెడ్50 సుమారు 450. చిన్నది, చప్పుడు లేకుండా తీయొచ్చు, ఫొటో ఎలా వస్తుందో నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. కానీ సెన్సర్ సైజు మీ డి3500 లాంటిదే, అందుకే మీ ఆకాశం దానితో మారదు అంటున్నాను.

ఇప్పటికి మీకు కావలసింది ఒక గట్టి ట్రైపాడ్, కుదిరితే 35 ఎంఎం ఎఫ్/1.8జి లెన్స్. దానిలోనే మోటారు ఉంది, మీ బాడీ మీద పనిచేస్తుంది, రేపు జెడ్‌కి మారినా పాత లెన్స్‌ని దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ వస్తుంది. నా పాత 50కి ఆ అడాప్టర్ మీద మళ్లీ రాదు, రింగు చేత్తోనే తిప్పుకోవాలి. దాన్ని మాత్రం అమ్మలేదు.