డాలస్ వచ్చి కారు నడుపుతానన్న మా తమ్ముడి కొడుక్కి

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశా. పిల్లల సెలవులకి నెల రోజులు వస్తున్నారు, కారు రెంట్‌కి తీసుకుని నువ్వే నడుపుతానంటున్నావు, సంతోషం. బెంజ్ సర్కిల్లో సాయంత్రం పూట బండి తిప్పినోడికి ఇక్కడ డ్రైవింగ్ ఒక లెక్కా అనిపిస్తుంది, నాకూ అప్పట్లో అలాగే అనిపించింది. కానీ ఇక్కడ దెబ్బ తినేది చేతకాక కాదురా, అలవాటు కొద్దీ. బెజవాడలో అవతలోడు ఏ క్షణాన ఎటు తిప్పుతాడో అని చూసుకుంటూ నడుపుతాం, ఇక్కడోళ్ళు అందరూ రూల్ ప్రకారమే వెళ్తారని నమ్మి 70 మైళ్ళ స్పీడ్‌లో వచ్చేస్తుంటారు, అంటే మన లెక్కలో దాదాపు 113 కిలోమీటర్లు, నువ్వు మధ్యలో దూరతావని కల్లో కూడా అనుకోరు.

నేనొచ్చిన మొదటి నెల, ఓ ఆదివారం పొద్దున్నే పాల కోసం వెళ్ళి షాపు పార్కింగ్‌లోంచి బయటికొచ్చి లెఫ్ట్ తిరిగా. రోడ్డంతా ఖాళీ. ఎదురుగా హెడ్‌లైట్లు కనపడేదాకా రాంగ్ సైడ్‌లో ఉన్నానని తెలీలేదు. మీ పెద్దమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ట్రాఫిక్ ఉంటే ముందు కారు వెనకాలే పోతాం కాబట్టి ఏం కాదు, ఇలా ఖాళీ రోడ్డు మీదకి ఎక్కేటప్పుడే పాత అలవాటు లాగేస్తుంది. అందుకే ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎదురు బండ్లని విడదీసే పసుపు గీత ఎప్పుడూ నువ్వు కూర్చున్న వైపే, అంటే నీ ఎడమ చేతి వైపే ఉండాలి. ఇండికేటర్ కూడా ఎడమ చేతికే ఉంటుంది, మొదట్లో టర్న్ తీసుకోబోయినప్పుడల్లా వైపర్ ఆడుతుంది, కంగారు పడకు. బండి ఆటోమేటిక్, ఎడమ కాలు కదపనే కదపకు, క్లచ్ అనుకుని బ్రేక్ తొక్కావంటే వెనకోడు వచ్చి గుద్దేస్తాడు.

స్టాప్ బోర్డు దగ్గర, అర్ధరాత్రి పిట్ట లేకపోయినా సరే, చక్రాలు పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందొచ్చినోడు ముందు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు వాడు ముందు. ఎదుటోడు లైటు కొడితే మన దగ్గర నేనొస్తున్నా ఆగమని కదా, ఇక్కడ మామూలుగా నువ్వెళ్ళమని. రెడ్ లైట్ దగ్గర పూర్తిగా ఆగి చూసుకుని రైట్ తిరగొచ్చు, వద్దని బోర్డు ఉంటే తప్ప.

అన్నిటికంటే నాకు భయం స్కూల్ బస్సు గురించి. పసుపు బస్సు ఆగి ఎర్ర లైట్లు మినుకుమంటూ పక్కనుంచి స్టాప్ బోర్డు బయటికొచ్చిందంటే వెనకోళ్ళే కాదు, ఎదురొచ్చేవాళ్ళు కూడా ఆగాలి, మధ్యలో డివైడర్ ఉంటే తప్ప. పిల్లలు దాటేశారు కదా అని కదలకు, లైట్లు ఆరాలి, బస్సు కదలాలి. టెక్సస్‌లో దీనికి ఫైన్ 500 డాలర్ల నుంచి మొదలు, కానీ డబ్బు సంగతి వదిలెయ్, ఆ బస్సు ముందు నుంచి రోడ్డు దాటేది మన చిట్టి వయసు పిల్లలేరా.

చిట్టిని కోడలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కుదరదు. 8 ఏళ్ళ లోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాలు లేకపోతే సీటు పెట్టాల్సిందే, నేను మా మనవరాలిది తీసి ఉంచా. వెనక కూర్చున్నా బెల్టు అందరికీ.

పోలీసు వెనకాల లైట్లేస్తే మెల్లగా కుడి పక్కకి తీసి ఆపు, అద్దం దించు, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చో. మన దగ్గరలా దిగి సార్ సార్ అంటూ దగ్గరికెళ్ళకు, డాష్‌బోర్డ్‌లో చెయ్యి పెట్టి కాగితాలు వెతక్కు, ఆయన అడిగాక, తీస్తున్నానని చెప్పి తియ్యి. ఇక్కడేమైనా చూసుకుందామా లాంటి మాట మాత్రం నోట్లోంచి రాకూడదు, అది పెద్ద కేసు. టికెట్ ఇస్తే తీసుకో, తర్వాత కట్టేద్దాం.

బయల్దేరే ముందు ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో, ఏడాది పనికొస్తుంది, ఇక్కడికొచ్చాక కావాలంటే ఇవ్వరు. ఒరిజినల్ లైసెన్సూ వెంట ఉండాలి. నీ పేరు మీద క్రెడిట్ కార్డు ఉండాలి, కోడలు కూడా నడిపితే ఆమె పేరూ రెంటల్ కాగితంలో రాయించాలి. ఇన్సూరెన్స్ దగ్గర పిసినారితనం చెయ్యకు, ఇక్కడ ఆస్పత్రి బిల్లులు నీకు తెలుసు.

హ్యూస్టన్ మీనాక్షి గుడికి వెళ్దామన్నావు కదా, నాలుగు గంటల పైనే పడుతుంది, మధ్యలో మ్యాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు దగ్గర ఆగుదాం. దారిలో షోల్డర్‌లో, అంటే రోడ్డు అంచున, పోలీసు బండో అంబులెన్సో లైట్లేసుకుని ఆగి ఉంటే పక్క లేన్‌కి మారాలి, కుదరకపోతే లిమిట్ కంటే 20 మైళ్ళు తగ్గించాలి.

దిగిన రోజు మాత్రం స్టీరింగ్ పట్టకు, పగలు రాత్రి తేడా తెలీక కళ్ళు మూసుకుపోతాయి. ఎయిర్‌పోర్ట్‌కి నేనే వస్తా. రెండ్రోజులు నిద్రపోయి లే, తర్వాత పొద్దున్నే మా గుడి పార్కింగ్ లాట్‌లో నా కారు ఇస్తా, గంటసేపు తిప్పు, నేను పక్కన కూర్చుంటా. టికెట్లు అవగానే ఫ్లైట్ నంబర్ పంపించు.

మీ పెదనాన్న