ఇంజిను మార్చాక పడవ పరుగెత్తకపోతే

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త ఇంజిను బిగించాక పడవ మునుపటికంటే నెమ్మదిగా పోతోందని, అమ్మినవాడు మోసం చేశాడని రాశావు. వాణ్ని తిట్టడానికి చాలా సమయం ఉందిలే. ముందు నాకొక అంకె కావాలి. ఎప్పుడూ ఎక్కేంత మంది, ఎప్పుడూ పోసేంత ఇంధనం ఉండగా, ఇంజిను వేగం పెంచే థ్రాటిల్‌ను పూర్తిగా తెరిస్తే ఇంజిను ఎన్ని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు, అందుకుంటోంది? ఎంత అందుకోవాలో ఇంజినుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పాత మీటరునే ఉంచావా? అయితే దాన్ని కొత్త ఇంజినుకు తగినట్టు సరిచేసి చూడు. లేకపోతే అది చెప్పేదంతా అబద్ధమే.

అంకె తక్కువ వస్తే నా మొదటి అనుమానం నీటిని తోసే పంకా, అదే ప్రొపెల్లర్ మీదే. పాతదే తగిలించావు కదా! పాత గేరు నిష్పత్తి 2.5:1, కొత్తది 2:1 అనుకో. ఇంజిను 3000 తిరిగితే ఇదివరకు ప్రొపెల్లర్ 1200 చుట్లు తిరిగేది, ఇప్పుడు 1500 తిరగాలి. అంత నీటిని తోయలేక ఇంజిను రొప్పుతుంది. డీజిలైతే నల్లపొగ కక్కుతుంది. అలాగే నడిపావంటే కొత్త ఇంజిను కాస్తా పాతదవుతుంది. ఔట్‌బోర్డ్‌కైతే, అంటే పడవ వెనక బయట తగిలించే ఇంజినుకైతే, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు అది ముందుకు సాగాల్సిన దూరం) ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. కొనేముందు ఒకటి అరువు తెచ్చి చూడు. పడవ అడుగున నాచు పట్టి ఉంటే ముందు అది గీకించు, ఈ లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఇక ఇంధనం. ఇంజిను కొత్తదే కానీ ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు పాతవేగా? చిన్న డబ్బాలో తాజా ఇంధనం పోసి, వేరే గొట్టంతో నేరుగా ఇంజినుకు కలిపి నడుపు. అప్పుడు పుంజుకుంటే తప్పు ఆ పాత ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరులోనే ఉంది. ట్యాంకుకు గాలి వెళ్లే రంధ్రం కూడా చూడు, అందులో పురుగులు గూడు కట్టుకుంటాయి. ఇంజిను గదిలో ఉండేదైతే మూత తెరిచి ఒకసారి నడిపి చూడు. తేడా కనిపిస్తే దానికి గాలి చాలడం లేదన్నమాట.

నా సంగతి చెబితే నవ్వుతావు. నేను ఇంజిను మార్చినప్పుడు రెండు వారాలు ఫిల్టర్లు, ప్లగ్గులు మారుస్తూ కూర్చున్నాను. చివరికి మీ పెద్దమ్మను లివరు దగ్గర కూర్చోబెట్టి, ఇంజిను ఆపి, మూత తీసి చూశాను. ఆవిడ లివరును చివరిదాకా తోసింది. ఇక్కడ థ్రాటిల్ చేయి మాత్రం అడ్డుకు వేలెడు దూరంలోనే ఆగిపోయింది. లివరును థ్రాటిల్‌కు కలిపే పాత కేబులు పొట్టిగా ఉంది! నువ్వు ఈ పనితోనే మొదలుపెట్టు, పైసా ఖర్చు లేదు.

ఆర్‌పీఎం బాగా ఎక్కుతూ పడవ మాత్రం కదలకపోతే కథ వేరు. ఇంజిను మరీ ఎత్తున బిగించి ఉంటారు, ప్రొపెల్లర్ గాలిని లాగుతోంది. ఔట్‌బోర్డ్‌కు ప్రొపెల్లర్ పైనుండే అడ్డ పలక దాదాపు పడవ అడుగుమట్టానికి ఉండాలి.

ఒకసారికి ఒకటే మార్చు. ప్రతిసారీ ఆర్‌పీఎం, వేగం, ఎక్కినవాళ్ల సంఖ్య కాగితం మీద రాసి నాకు పంపు. పాత ప్రొపెల్లర్‌ను మాత్రం అప్పుడే అమ్మేయకు.

నీ పెదనాన్న