ఒకే ఫ్రీక్వెన్సీ మీద నలుగురు: మేనకోడలికి ఉత్తరం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. పగలు శుభ్రంగా వినిపించే స్టేషన్ మీద రాత్రయ్యేసరికి నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారనీ, రేడియో పాడైందేమోననీ రాశావు. రేడియోకు ఏమీ కాలేదు. కొత్తది కొనే ఆలోచన మానుకో.

పగటిపూట ఐనోస్ఫియర్ (వాతావరణం పైభాగాన విద్యుదావేశమున్న పొరలు) అడుగున ఉండే డి పొర మీడియం వేవ్ (రేడియోలో ఏఎం అని రాసి ఉండే బ్యాండు) తరంగాలను మింగేస్తుంది. అందుకే నేల వెంట వచ్చే దగ్గరి స్టేషన్లే పగలు దొరుకుతాయి. పొద్దుగుంకాక ఆ పొర బలం పోతుంది. అప్పుడు తరంగాలు పై పొరల దాకా వెళ్లి, వందల కిలోమీటర్ల అవతల కిందికి దిగుతాయి. నువ్వు విన్నవాళ్లలో చాలామంది పగలు కూడా అక్కడే మాట్లాడుతున్నారు, నీదాకా రాలేదంతే.

ఒకే ఫ్రీక్వెన్సీని ఇలా పలువురికి పంచడం తెలిసి చేసిందే. అమెరికా ఖండాల్లో ఏఎం స్టేషన్ల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్, మిగతా ప్రపంచంలో దాదాపు అంతటా 9. ఎలా లెక్కవేసినా నూట ఇరవైకి అటూ ఇటూగా స్థానాలే ఉన్నాయి, అడిగేవాళ్లేమో వేలల్లో. అందుకని దూరదూరంగా ఉన్న ప్రాంతీయ కేంద్రాలకు ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చి కట్టుబాట్లు పెట్టారు. అమెరికాలో చాలా స్టేషన్లు సూర్యాస్తమయానికి పవర్ తగ్గిస్తాయి, లేదా రెండు మూడు టవర్లు కలిపి తోటి స్టేషన్ ఉన్న దిక్కుకు తరంగం వెళ్లకుండా చూస్తాయి. కొన్ని పూర్తిగా కట్టేస్తాయి. అక్కడే 1230, 1240, 1340, 1400, 1450, 1490 కిలోహెర్ట్జ్ అని ఆరు ఫ్రీక్వెన్సీలున్నాయి. ఒక్కొక్కదాని మీద వందకు పైగా చిన్న స్టేషన్లు, ఏదీ ఒక కిలోవాట్ దాటదు. నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోకూడదు. రాత్రి అదొక సంత.

ఇక అసలు పని. మీడియం వేవ్‌కు పైకి లాగే ఏరియల్‌తో పనిలేదు, దాన్ని ముడిచి పెట్టు. మామూలు రేడియోల్లో లోపల అడ్డంగా ఒక ఫెరైట్ కడ్డీ (తీగ చుట్టిన నల్లటి అయస్కాంత పదార్థపు కడ్డీ) ఉంటుంది, స్టేషన్‌ను పట్టేది అదే. కడ్డీ పక్కభాగం స్టేషన్‌కు ఎదురైనప్పుడు శబ్దం ఎక్కువ. అయితే అటూ ఇటూ కొంత తిప్పినా పెద్ద తేడా తెలియదు. కడ్డీ కొన స్టేషన్ వైపు తిరిగినప్పుడు మాత్రం, ఒక సన్నటి కోణంలో, శబ్దం చటుక్కున పడిపోతుంది. నీకు కావలసింది ఆ కోణమే. అందరికన్నా పెద్ద గొంతు ఎవరిదో చూసి కొనను అతనివైపు పెట్టు, అడుగున ఉన్నవాడు పైకి తేలతాడు. రేడియోను కొంచెం వంచి కూడా చూడు. ఈ విద్య ముందు పగటిపూట, దగ్గరి స్టేషన్ మీద నేర్చుకో. రాత్రి ఆకాశం నుంచి దిగే తరంగం విషయంలో ఆ కోణం అంత నికరంగా ఉండదు, జరుగుతూ ఉంటుంది. ఒక సంగతి: కడ్డీకి రెండు కొనలు కాబట్టి స్టేషన్ ఏ కొన వైపు ఉందో అది చెప్పదు.

ఎల్‌ఈడీ దీపాలు, ఫోన్ చార్జర్లు ఆర్పేసి, బ్యాటరీ మీద విను. సగం గరగర అక్కడే పోతుంది.

వేళ కూడా చూసుకో. చీకటి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి సాయంత్రం తూర్పు స్టేషన్లు ముందు తేలతాయి. తెల్లవారుతుంటే అవి ముందు పోయి పడమటివి కాసేపు నిలుస్తాయి. గంట మారడానికి ఐదు నిమిషాల ముందే రికార్డింగ్ మొదలుపెట్టు. అమెరికా స్టేషన్లు ఆ వేళకు కాల్ సైన్ (స్టేషన్‌కు ఇచ్చిన అక్షరాల గుర్తు), ఊరి పేరు చెప్పి తీరాలి. డబ్ల్యూతో మొదలైతే మిసిసిపీ నదికి తూర్పున, కే అయితే పడమట అని లెక్క. నదికి తూర్పున ఉన్న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ లాంటి పాతకాపులు మాత్రం ఈ లెక్కకు లొంగరు. సరిగ్గా పేరు చెప్పే క్షణంలో స్టేషన్ మునిగిపోవడం మామూలే. విసుగు తెచ్చుకోకు, ఇంకో గంటకు మళ్లీ చెబుతారు.

మాటకు ప్రతిధ్వనిలా వినిపిస్తే వెంటనే రెండు స్టేషన్లని తేల్చేయకు. బీబీసీ రేడియో ఫైవ్ లైవ్ 693, 909 మీద అనేక ట్రాన్స్‌మిటర్ల నుంచి ఒకే కార్యక్రమాన్ని పంపింది. అలాంటిచోట్ల ఒకే మాట ఒకదాని వెనక ఒకటిగా వస్తుంది.

స్టేషన్ల జాబితాలో ఒక ఫ్రీక్వెన్సీ ఎదురుగా ఉన్న పేరు చూసి ఆ స్టేషన్ విన్నానని రాసుకునేవాళ్లంటే నాకు మంట. ఒకే నెట్‌వర్క్ కార్యక్రమాన్ని ఎన్నో స్టేషన్లు ప్రసారం చేస్తాయి, అది విన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు. స్థానిక ప్రకటన, వాతావరణం, ఊరి పేరు, వీటిలో ఏదో ఒకటి చెవిన పడాలి. అవి దొరికాక యూటీసీ (ప్రపంచమంతా ఒకటిగా వాడే ప్రామాణిక కాలం) సమయంతో స్టేషన్‌కు ఉత్తరం రాస్తే కొందరు ధ్రువీకరణ కార్డు పంపుతారు, చాలామంది పంపరు.

నాకు రికార్డింగ్ పంపేటప్పుడు కడ్డీ ఏ దిక్కుగా పెట్టావో కూడా రాయి. అది లేకుండా నేనేమీ చెప్పలేను.

మీ మామయ్య