యూదుల పాసోవర్ విందుకు పిలిచారు, పులిహోర చేసి పట్టుకెళ్లొచ్చా?

వద్దండీ బాబూ. అమెరికాలో ఉన్న యూదుల్లో ఎక్కువమంది అష్కనాజీలు, తూర్పు యూరప్ మూలాలవాళ్లు. వాళ్ల పాత పద్ధతిలో పండగ ఎనిమిది రోజులూ, మాట్జో అనే పులియని రొట్టె తప్ప గోధుమలతో చేసినవేవీ తినరు, వాటితో పాటు బియ్యం, పప్పులు, వేరుశనగ, ఆవాలు కూడా ముట్టరు. పులిహోరలోంచి అవన్నీ ఏరేస్తే మిగిలేది చింతపండూ పసుపే. పైగా డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, అదైతే మరీ నిషిద్ధం. 2015లో యూదమతంలోని కన్సర్వేటివ్ అనే శాఖ రబ్బీలు, అంటే మతగురువులు, బియ్యం, పప్పులు తినొచ్చన్నారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీ యూదుల్లో చాలామంది ఎప్పట్నుంచో అన్నం తింటూనే ఉన్నారు. అయినా కోషర్, అంటే యూదుల ఆహార నియమాలు, పాటించే ఇల్లయితే మీ గిన్నెలో వండిందేదీ పనికిరాదు. పూలు పట్టుకెళ్లండి, గొడవ లేదు.

కుదిరితే ముందురోజే వెళ్లి వంటింట్లో దూరండి. నేను న్యూజెర్సీలో హైలాండ్ పార్క్‌లో అద్దెకున్నప్పుడు మా యూదు ఓనరావిడ నన్ను రానిచ్చేది. పొయ్యి మాత్రం ఆవిడే వెలిగించాలి, అది వాళ్ల నియమం. ఓసారి కోడి చర్మం, కొవ్వు సన్నగా తరిగి, కాసిని నీళ్లు చిలకరించి సన్నసెగ మీద పెట్టింది. నీరింకి కొవ్వు కరగడం మొదలయ్యాక ఉల్లిపాయ ముక్కలు వేసింది. ఉల్లి ఎర్రబడేసరికి చర్మం ముడుచుకుని చిటపటలాడింది. వడకడితే దిగిన పసుప్పచ్చటి కొవ్వు ష్మాల్ట్స్, పైన మిగిలిన కరకర ముక్కలు గ్రిబెనెస్. ఉప్పు చల్లుకుని నిలబడే ఖాళీ చేశాం. మనవాళ్లేమో స్కిన్‌లెస్, స్కిన్‌లెస్ అని కొట్టువాడి ప్రాణం తీసి ఆ చర్మం పారేయిస్తారు!

సూప్‌లో వేసే మాట్జో ఉండలకి ఆ కొవ్వు పావు కప్పు, గుడ్లు నాలుగు, మాట్జో రొట్టెల పొడి ఒక కప్పు, తాగే సోడా నీళ్లు పావు కప్పు, ఉప్పు. కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తడిచేత్తో ఉసిరికాయంత ఉండలు, నొక్కకుండా చేయాలి. ఉడికితే రెట్టింపవుతాయి. మరిగే ఉప్పునీళ్లలో వేసి మూతపెట్టి, సెగ తగ్గించి అరగంట పైనే ఉంచాలి. నేను పొయ్యి దగ్గరికి వెళ్తే చాలు, "మూత ముట్టుకోకు!" అని హాల్లోంచి కేక. తర్వాత వేడి వేడి చికెన్ సూప్‌లో వేసి పెడతారు. ఉండలు తేలాలని కొందరు, గట్టిగా మునగాలని కొందరు వాదించుకుంటారు. మునిగేవే ఇష్టమనేవాళ్లకి చేయడం రాదు, అంతే. ష్మాల్ట్స్ బదులు నూనె పోసేవాళ్ల సంగతి నేను మాట్లాడను.

మీరు మాత్రం సూప్ తాగి "చప్పగా ఉంది" అనకండి. కారప్పొడి డబ్బా సంచీలో వేసుకెళ్లే మహానుభావుల్ని చూశాను. బల్లమీద హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప తురుము ఉంటుంది. చెంచాడు నోట్లో వేసుకుని, ముక్కులోంచి ఘాటు దిగాక అప్పుడు మాట్లాడండి.

అన్నట్టు, చీకటిపడ్డాక మొదలుపెట్టి, హగ్గాదా అనే పండగ పుస్తకం చాలాసేపు చదివాకే వడ్డిస్తారు. ఇంట్లో రెండు ముద్దలు పెరుగన్నం తిని బయల్దేరండి.