వీడియో చూసేటప్పుడు చేతిలో పెన్ను ఉంటోందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. రోజూ రెండు గంటలు ఫోన్‌లో లెక్కల వీడియోలు చూస్తుంది. ఇంజినీరింగ్ వద్దు, గణితమే చదువుతానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఆన్‌లైన్‌లో ఏవి చూడాలి? ఆ దారిలో భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: వీడియో చూసేటప్పుడు అమ్మాయి చేతిలో పెన్ను ఉంటోందా, గమనించండి. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఫోన్ పక్కన పెట్టి తెల్ల కాగితం ముందు కూర్చుంటే చాలామంది పిల్లలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. రెండు గంటల్లో అరగంట చూడటానికి, మిగతాది చేయడానికి ఉంచమనండి.

చూడటానికి యూట్యూబ్‌లోని త్రీబ్లూవన్‌బ్రౌన్ (3Blue1Brown) ఛానల్ చాలా మంచిది. కాలేజీలో సూత్రంగా బట్టీ పట్టే మాత్రిక నిర్ధారకం (డిటర్మినెంట్), అక్కడ వైశాల్యం ఎన్ని రెట్లయిందో చెప్పే సంఖ్యగా కళ్లముందు కదులుతుంది. పునాది బలహీనంగా ఉన్నచోట ఉచిత పాఠాల సైట్ ఖాన్ అకాడమీ చాలు.

ఈ ఆదివారం ఒక పని ఇచ్చి చూడండి. కుంభాకార (ఏ మూలా లోపలికి వంగని) బహుభుజిని, ఒకదాన్నొకటి ఖండించుకోని కర్ణాలతో త్రిభుజాలుగా ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు? త్రిభుజానికి 1, చతుర్భుజానికి 2, పంచభుజికి 5. షడ్భుజికి చేత్తో గీసి లెక్కపెట్టాలి. 14 వస్తుంది, మీరు మాత్రం ముందే చెప్పకండి. తర్వాత ఓఈఐఎస్ (oeis.org) అనే ఉచిత సైట్‌లో 1, 2, 5, 14 అని కొట్టమనండి. గణితవేత్త నీల్ స్లోన్ 1964లో విద్యార్థిగా మొదలుపెట్టిన సంఖ్యల వరుసల సేకరణ అది. అక్కడ కాటలాన్ సంఖ్యలు కనబడతాయి, తర్వాతది 42. బ్రాకెట్లను సరిగ్గా జతపరిచే లెక్కలోనూ ఇవే సంఖ్యలు వస్తాయి. ఎందుకు? ఆ ‘ఎందుకు’ పట్టుకుని అన్నం సంగతి మరిచిపోయిందంటే, గణితం చదవనివ్వమని నేను ధైర్యంగా చెబుతాను.

భవిష్యత్తు ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) బెంగళూరు కేంద్రంలో గణిత డిగ్రీ బీమ్యాథ్, కోల్‌కతా కేంద్రంలో గణాంకశాస్త్ర డిగ్రీ బీస్టాట్, చెన్నై దగ్గర సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ (సీఎంఐ)లో బీఎస్సీ ఆనర్స్ ఉన్నాయి. వీటికి వేరే ప్రవేశ పరీక్షలుంటాయి. ఆప్షన్ గుర్తిస్తే సరిపోదు, నిరూపణ రాయాలి. పాత పేపర్లు ఆ సంస్థల సైట్లలోనే ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటినుంచే వారానికి ఒక్క ప్రశ్న చాలు, కానీ జవాబు చూసే ముందు కనీసం రెండు రోజులు దానితో కుస్తీ పట్టాలి. పరిశోధన, బోధనతోపాటు బీమా రంగంలో నష్టభయాన్ని లెక్కగట్టే యాక్చువరీ, డేటా సైన్స్ దారులూ తెరిచే ఉంటాయి. జేఈఈ, ఎప్‌సెట్ రాయించడం మానక్కర్లేదు.

తప్పు వచ్చిన కాగితాలు పారేయనివ్వకండి. తేదీ వేసి ఒకే నోట్‌బుక్‌లో దాచమనండి. ఆరు నెలలయ్యాక అందులో ఏముందో చూసి నాకు మళ్లీ రాయండి.