రిమోట్ సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. బాబు రెండో తరగతి. మావారిది మధ్యాహ్నం షిఫ్టు, ఇంటికొచ్చేసరికి రాత్రి 11.30. బాబు హాల్లో మామయ్యగారి పక్కన చేరి అప్పటిదాకా పిల్లల చానల్ చూస్తూనే ఉంటాడు. మామయ్యగారు సౌండు వినపడీ వినపడనట్టు పెడతారు. మావారు తలుపు తాళం తీసిన చప్పుడు కాగానే టీవీ కట్టేసి గోడవైపు తిరిగి పడుకుంటారు. బాబు మాత్రం లేచి కూర్చుంటాడు. పొద్దున స్కూలు బస్సుకి లేపాలంటే ఏడుపే. అంత రాత్రప్పుడు పిల్లల చానళ్లలో కార్టూన్లు వేయడమేంటి? పైగా కొట్టుకోవడాలు, ప్రేమ కబుర్లు. అమెరికాలో ఈ చానళ్లు రాత్రయితే పెద్దవాళ్ల ప్రోగ్రాములే వేస్తాయని డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు చెప్పింది. ఎవరికి ఫిర్యాదు చేయాలి? మామయ్యగారికి నేను చెప్పలేను. ఆడపడుచుకి పొలం రాసిచ్చినప్పటి నుంచి, రెండేళ్లుగా, ఆయనా మావారూ మాట్లాడుకోవడం లేదు. ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పిస్తారు. ఆస్పత్రికైనా నేనే తీసుకెళ్తాను.

జవాబు: అమ్మా, మీరు అడిగినదానికి జవాబు చిన్నదే, ముందు అది చెప్పేస్తాను. మీ చెల్లెలి మాట నిజం. అక్కడ నికెలోడియన్ 1985 నుంచి, కార్టూన్ నెట్‌వర్క్ 2001 నుంచి రాత్రిళ్లు వేరే పేరుతో పెద్దవాళ్ల కోసం నడుస్తున్నాయి. మన దగ్గర 1995లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చిన కొత్తలో కార్టూన్లు పగటిపూటే. పొద్దుగూకాక అదే చానల్లో పాత ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి. నలుపు తెలుపు బొమ్మ పడగానే మా పిల్లలు వాళ్లంతట వాళ్లే లేచి అన్నానికి వచ్చేవారు. 2001లో అది 24 గంటల చానల్ అయింది. తర్వాత వచ్చిన చానళ్లకీ అదే అలవాటైంది. రాత్రిపూట ఎక్కువగా పగలు వేసినవే మళ్లీ తిప్పుతారు, మధ్యలో కాస్త పెద్ద పిల్లల కోసం తీసినవీ పడుతుంటాయి.

పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వాళ్లకు తగనివి వేయకూడదని 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. పెద్దవాళ్ల కార్యక్రమాలకు చానళ్లు తమ నియమావళిలో రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా అని హద్దు పెట్టుకున్నాయి. కండోమ్ ప్రకటనలు రాత్రి 10 దాటాకే వేయండని 2017లో కేంద్రం చెప్పిందీ పిల్లల కోసమే. ఆ వేళకి ఏ ఇంట్లోనైనా పిల్లలు నిద్రపోయి ఉంటారన్న నమ్మకంతో పెట్టిన హద్దులివి. మీరు చూసినవి అభ్యంతరకరంగా ఉంటే తేదీ, సమయం రాసి ముందు ఆ చానల్‌కే పంపండి. 2021 నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చి మీకు చెప్పాలి. తప్పకుండా రాయండి. దాంతో మీ బాబు పడుకుంటాడని మాత్రం అనుకోకండి.

సెట్‌టాప్ బాక్సులో చానల్‌కి లాక్ పెట్టే వీలు కూడా ఉంది. పెట్టొద్దు. రాత్రి మీ మామగారు రిమోట్ నొక్కితే చానల్ రాదు. ఆ లాక్ తన మీదే వేశారని ఆయనకి తెలిసిపోతుంది. కొడుకే వేయించాడనుకుంటారు.

నన్ను ఆపేసింది మీ ఉత్తరంలో మరో చోటు. తాళం చప్పుడు వినగానే గోడవైపు తిరిగే మామగారి దగ్గర. ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివాను. నిద్ర వచ్చినవాడైతే పదింటికే పడుకునేవాడు కదమ్మా! కొడుకు ఇల్లు చేరేదాకా ఆయనకి కన్ను మూతపడదు. అడిగితే ఒప్పుకోరు. మనవడు చూస్తున్నాడన్న వంకతో టీవీ పెట్టుకుని, చెవి మాత్రం తలుపు దగ్గర పెట్టుకుని ఉంటారు. మీ బాబుదీ అదే పని. నాన్న వచ్చాడు, తాత అటు తిరిగాడు, ఇవాళైనా ఒకరినొకరు పలకరిస్తారా అని లేచి కూర్చుని చూస్తున్నాడు. రోజు మొత్తంలో వాళ్లిద్దరూ ఒకే గదిలో ఉండేది ఆ నిమిషమేనేమో. ఏడేళ్లవాడు దాన్ని వదులుకుని ఎలా నిద్రపోతాడు?

అందుకే ఈ జవాబు మీకు రాస్తున్నా, అడగాల్సింది మీవారిని. కూతురికి పొలం ఇవ్వడం తండ్రి చేసిన తప్పని ఆయన అనుకుంటున్నట్టుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకీ సమాన వాటా అన్న చట్టం మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా సరే, మనసులో కష్టం ఉంటే తండ్రి ఎదురుగా కూర్చుని అడగమనండి. గట్టిగా అడిగినా, ఇద్దరూ ఓ గంట అరుచుకున్నా నాకు అభ్యంతరం లేదు. తన ఇంట్లో ఉన్న కన్నతండ్రికి భార్య చేత కబురు పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. వేళకి అన్నం పెట్టించి, మందులు తెప్పించినంత మాత్రాన కొడుకు బాధ్యత తీరిపోదు.

మీకూ ఒక మాట. మీరు ఓర్చుకుంటున్నారని అందరూ మెచ్చుకుంటూ ఉంటారు. ‘కరెంటు బిల్లు కట్టారో లేదో అడుగు’, ‘వాడు శనివారం ఉంటాడా’... ఇలాంటివన్నీ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మీరే మోస్తున్నారు. మంచి మాట తెచ్చినప్పుడు అది వాళ్లది, చెడ్డ మాట తెచ్చినప్పుడు అది కోడలిది అవుతుంది. రేపు ‘టీవీ కట్టేయండి మామయ్యగారూ’ అని మీరంటే, తన చేతిలో మిగిలిన మనవణ్ణి కూడా కోడలు లాక్కుంటోందని ఆయన నొచ్చుకుంటారు. అదే కొడుకు వచ్చి ‘నాన్నా, పొద్దున వాడికి బడి ఉంది, పడుకోబెట్టు’ అంటే? ఆ ‘నాన్నా’ అన్న పిలుపు విని ఆయనే రిమోట్ తీసి ఇస్తారు.

కాబట్టి ఈ రాత్రి నుంచే కబుర్లు మోయడం మానేయండి. ఎవరైనా ‘అడుగు’ అంటే, ‘హాల్లోనే ఉన్నారు, మీరే అడగండి’ అని మీ పని మీరు చూసుకోండి. కోపంగా అనక్కర్లేదు, మామూలుగానే అనండి. రెండు మూడు రోజులు ఇల్లు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. బెదిరిపోయి మళ్లీ మధ్యలోకి వెళ్లకండి.

బాబు సంగతి. ఆ వయసు పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఎనిమిదిన్నరకి టీవీ ఆగాలి, తొమ్మిదిన్నరకి వాడు పక్కమీద ఉండాలి. తాతయ్య పక్కనే పడుకోనివ్వండి, అక్కడి నుంచి లేపి తీసుకుపోవద్దు. కథ ఆయన్నే చెప్పమనండి. నాన్న కోసం మేలుకోవాల్సిన అవసరం లేకుండా చేయాలి కాబట్టి, రోజూ పొద్దున బస్సు దాకా దింపే పని మీవారికి అప్పగించండి. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే ఉంటారు కదా, అర్ధరాత్రి వచ్చి అలిసిపోయానన్నా సరే, లేవాల్సిందే.

మామగారిని ఆస్పత్రికి మీరే తీసుకెళ్తున్నానన్నారు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు ఫైలు, పాత చీటీలు తీసి మీవారి చేతికిచ్చేయండి. ఒంట్లో బాగాలేదనైనా, పుట్టింటికి వెళ్లాలనైనా చెప్పండి, ఆ రోజుకి అబద్ధమైనా ఫర్వాలేదు. మీరు వెళ్లొద్దు. బాబు వస్తానని పేచీ పెడతాడు, వాణ్ణి కూడా పంపకండి. ఆ కారులో వాళ్లిద్దరే ఉండాలి.