యాంకర్‌గా మొదటి షెడ్యూల్‌కు పోతున్న మేనకోడలికి

బిడ్డా,

పిల్లల డాన్స్ షోకు నిన్ను యాంకర్‌గా తీసుకున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కాలేజీ ఫంక్షన్లు, హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణంలో ప్రోగ్రాములు నడిపినదానివి, మైకు నీకు కొత్త కాదు. కానీ అక్కడ జనానికి నవ్వొస్తేనే నవ్వేవాళ్లు. స్టూడియోలో ఫ్లోర్ మేనేజర్ చెయ్యి ఊపితే నవ్వుతారు. ఏళ్ల తరబడి ఆ చెయ్యి ఊపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నా.

మొదటి రోజే నీ చెవిలో టాక్‌బ్యాక్, అంటే కంట్రోల్ రూమ్ మాటలు వినిపించే ఇయర్‌పీస్, పెడతారు. నువ్వు పిల్లవాణ్ణి "ఏ ఊరు నాన్నా?" అని అడుగుతుంటే, కంట్రోల్ రూమ్ నుంచి "టైమ్ అయిపోయింది, బ్రేక్ చెప్పు" అని ఒకరు, "స్పాన్సర్ పేరు మర్చిపోయావ్" అని ఇంకొకరు. చెవిలో మాట పడగానే కొత్తవాళ్ల కళ్లు ఎటో పోతాయి. ఎదుటి పిల్లవాడికి అది తెలిసిపోతుంది, మాట అక్కడే ఆపేస్తాడు. ఇంట్లోనే సాధన చెయ్యి. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వార్తలు వింటూ అమ్మమ్మతో కూర సంగతి మాట్లాడు. ఆమెకు అనుమానం రాకపోతే పాసైనట్టే.

అసలు పరీక్ష ఎలిమినేషన్ రోజు ఉంటుంది. పేరు చెప్పే ముందు చెవిలో "హోల్డ్, హోల్డ్" అంటూనే ఉంటారు. ఒక్కొక్కరి ముఖం చూపించి మ్యూజిక్ వేసుకోవడానికి ఎడిటర్‌కు ఆ గ్యాప్ కావాలి, ఇవ్వు. చాలామంది ఆ గ్యాప్‌లో కెమెరా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేస్తారు. నాకైతే చిరాకు. నువ్వు పిల్లల వైపే చూడు. పేరు చెప్పగానే ఓడిన పిల్ల దగ్గరికి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, మైకు కిందికి దించు. "ఎలా అనిపిస్తోంది?" అని వెంటనే అడగమంటారు. అడిగితే ఏడుస్తుంది, ఆ ఏడుపు ప్రోమోకు పోతుంది. ముందు ఆ పిల్ల వేసిన స్టెప్పుల్లో నీకు నచ్చిన ఒక్కటి చెప్పు, కుదుటపడ్డాక అడుగు. డైరెక్టర్ కసురుకుంటాడు. కసురుకోనీ, ఆ నిమిషంలో మైకు ఉన్నది నీ చేతిలో. 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా' పాత ఎపిసోడ్లు దొరికితే చూడు. బాలు గారు తప్పు పట్టకుండా వదిలేవారు కాదు, కానీ పాడిన పిల్లల తల దించుకోనిచ్చేవారూ కాదు.

షూటింగ్ అర్ధరాత్రి దాకా సాగడం మామూలే, అది పెద్దవాళ్లకు. పిల్లలతో అలా కుదరదు. 2017లో వచ్చిన బాల కార్మిక నిబంధనల ప్రకారం పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఇవన్నీ ప్రొడక్షన్ వాళ్లు చూసుకోవాల్సినవే. కానీ నిద్రకు తూగుతున్న పిల్లను అందరికంటే ముందు చూసేది యాంకరే. "సార్, బ్రేక్ ఇద్దాం" అని నువ్వే అను.

యాస గురించి టెన్షన్ పడుతున్నావట. ఒకప్పుడు మన తెలంగాణ మాటను తెర మీద కామెడీకే వాడేవాళ్లు. వీ6లో తీన్మార్ వార్తలు వచ్చాక అదే మాటలో జనం వార్తలు కూడా విన్నారు. ఉదయభానుది కరీంనగర్ దిక్కు, శ్రీముఖిది నిజామాబాద్. సుమ గారి ఇంటి భాషే మలయాళం. స్క్రిప్టు ఉన్నచోట అందరికీ అర్థమయ్యే తెలుగు చదువు, పిల్లలతో నోటికొచ్చినట్టే మాట్లాడు. "కొంచెం తెలంగాణ స్లాంగ్ కొట్టు, నవ్వొస్తది" అంటే మాత్రం ఒప్పుకోకు. ఆ ముద్ర పడిందంటే ఇక బతుకమ్మ స్పెషల్‌కే పిలుస్తారు.

ఎక్కడిదాకా పోవచ్చని అడిగావట. పెద్ద షోలు సినిమా హీరోలవి. బిగ్ బాస్ తెలుగు 2017లో ఎన్టీఆర్‌తో మొదలైంది, మరుసటేడు నాని, 2019 నుంచి నాగార్జున. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' కూడా 2014లో నాగార్జున, 2017లో చిరంజీవి. జనం వాళ్ల ముఖం కోసమే టీవీ పెడతారు, అక్కడ నిన్ను పోల్చుకుని కుమిలిపోకు. సుమ 'స్టార్ మహిళ'లో మామూలు ఇల్లాళ్లతో ఏళ్ల తరబడి ఆటలాడించింది. నా లెక్కలో ఈ వృత్తిలో అంతకంటే మంచి బడి లేదు. అలాంటి రోజువారీ షో దొరికితే, ప్రైమ్‌టైమ్ కాదని వదలకు.

డబ్బు సంగతి. ఒకే రోజు రెండు ఎపిసోడ్లు తీస్తారు కాబట్టి రేటు ఎపిసోడ్‌కు మాట్లాడుకో, రోజుకు కాదు. టీడీఎస్ అని ఆదాయపు పన్ను కింద 10 శాతం ముందే కోసుకుని ఇస్తారు, ఐటీ రిటర్న్ వెయ్యడం మరవకు. వేరే ఛానల్‌లో కనిపించకూడదన్న షరతు ఎన్ని నెలలో చూడు, షో ఆగిపోయినా అది నడుస్తూనే ఉంటుందేమో కూడా చూడు. అగ్రిమెంట్ రాగానే ఫోటోలు తీసి పంపు, నేను చదివి చెప్పేదాకా సంతకం పెట్టకు.

కాజీపేటలో పొద్దున రైలెక్కి షూటింగ్‌కు అందుకుంటానని అనుకోకు, ముందు రోజు రాత్రికే హైదరాబాద్ చేరుకో. మైక్ ప్యాక్, అదే కాలర్ మైకుకు తగిలించే చిన్న డబ్బా, పెట్టుకునే చోటు ఉండేలా డ్రెస్ కుట్టమని కాస్ట్యూమ్ వాళ్లకు ఇప్పుడే చెప్పు, లేకపోతే రోజంతా నడుముకు గుచ్చుకుంటుంది.

మీ మామయ్య